చమక్ చాచా, చక్రాల్లేని సైకిలు

మొన్న సిరిసిల్ల వెళ్లేసరికి మా తమ్ముడు సాంచాల షెడ్డు ఊడ్పిస్తున్నాడు. సాంచాలంటే మరమగ్గాలు. మా ఊళ్లో పుట్టిన పిల్లలకు జోలపాట అక్కర్లేదు, ఆ చప్పుడు ఆగితేనే లేచి ఏడుస్తారు. షెడ్డులో ఓ మూల వేస్టు నూలు కుప్ప పోసి ఉంది. మగ్గాల కింద రాలిన పోగులు, తెగిన కొసలు, చిక్కుపడిన ఉండలు. తమ్ముడు అలవాటు కొద్దీ ఓ సంచి దులిపి నాకోసం నింపబోయాడు. అంతలో గుర్తొచ్చి చెయ్యి ఆపాడు.

"అక్కా, చాచా పాయె కదా. ఇగ నీకు నూలు ఎందుకు?"

"అక్కెర ఉన్నది. నింపు," అన్నాను.

ఎందుకన్నానో ఆ క్షణాన నాకే తెలియదు. వాడు కాలితో తొక్కి తొక్కి నింపాడు. కోరుట్ల బస్సులో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే నవ్వు మొదలైంది. వేములవాడ దాటినా ఆగలేదు. పక్కసీటావిడ నన్నోసారి, సంచినోసారి చూసి కిటికీ వైపు జరిగి కూర్చుంది.

ఆయన పేరు చెప్పను. చెప్పినా కోరుట్లలో చాలామందికి ఎవరో తెలియదు. అందరికీ ఆయన చమక్ చాచా. ఇత్తడి, రాగి గిన్నెలకు లోపల తగరం కలాయి పూసే కొట్టు ఆయనది. ఇళ్లల్లోకి స్టీలు గిన్నెలు వచ్చాక కలాయి తగ్గిపోయి, మెరిపించే పని ఏది దొరికితే అది చేసేవాడు. గుడి గంటలు, దర్గా దీపాలు, పెళ్లి బ్యాండువాళ్ల బాకాలు. బాకాలు తోమాక ఊది చూసి గానీ ఇచ్చేవాడు కాదు. ఊదడం రాదు. వీధి వీధంతా చెవులు మూసుకునేది.

వినయం అన్న మాట ఆయన దరిదాపులకు రాలేదు. కళ్లకు సుర్మా, గడ్డానికి గోరింటాకు, చెవి మడతలో అత్తరు దూది. గిన్నె తోమడం అయిపోయాక ఎండకు ఎత్తి పట్టుకుని, అందులో గడ్డం దువ్వుకుని, "మొకం కనవడాలె. కనవడకపోతే గది గిన్నె గాదు, డొక్కు" అనేవాడు. ఆ మొకం గిన్నె సొంతదారుది కాదు, ఆయనది.

నేను కోరుట్ల బడికి టీచరుగా వచ్చిన కొత్తలో మా అత్తగారి ఇత్తడి బిందె పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఏ ఊరు బిడ్డా అని అడిగాడు. సిరిసిల్ల అన్నాను. చేతిలోని గుడ్డ పక్కకు విసిరేసి లేచి నిలబడ్డాడు.

"సిరిసిల్ల బిడ్డవా? మరి గీ పాత లుంగీ గుడ్డతోని నేనెందుకు సావాలె? నూలు తే!"

బనీను గుడ్డ గీతలు పెడుతుందట. పాత ధోవతి పాలిష్‌ను తాగేస్తుందట. సిరిసిల్ల సాంచాల కింద రాలిన నూలు ఒక్కటే పసిపిల్ల చేతిలాగా ఉంటుందట. అప్పట్నుంచి పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఓ సంచి మోసుకురావడం నా మెడకు చుట్టుకుంది. మా అమ్మ సకినాలు పెట్టిచ్చిన డబ్బా ఒకసారి బస్సులో మర్చిపోయాను గానీ, నూలు సంచి ఏనాడూ మర్చిపోలేదు.

ఇక ఆ సైకిలు సంగతి.

ఆయన తమ్ముడు దుబాయిలో ఉండేవాడు. మా వైపు ఇంటికొకరు దుబాయిలో ఉంటారు, అందులో వింతేం లేదు. సెలవుకొచ్చేవాళ్లు కంబళ్లు, అత్తరు సీసాలు, పాలపొడి డబ్బాలు తెస్తారు. ఈ తమ్ముడు మాత్రం కంబళిలో చుట్టి సైకిలు ఫ్రేము తెచ్చాడు. అల్యూమినియందట. ఎవరో దొర పారేస్తే ఏరుకున్నాడట. మరి చక్రాలేవి అంటే "సామానుల పట్టలే" అన్నాడు. మేకను తెమ్మంటే కొమ్ములు తెచ్చినట్టుందని వీధిలో నవ్వుకున్నారు.

చాచా నవ్వలేదు. ఫ్రేమును ఒక్క వేలితో పైకి లేపాడు. మళ్లీ దించి మళ్లీ లేపాడు. "యా అల్లా, గాలి లెక్కనే ఉన్నది!" అన్నాడు. ఆ రోజు నుంచి మిగతా పని మూలన పడింది.

ముందు దాని ఎర్రరంగు గీకేశాడు. తర్వాత రేగ్‌మాల్ అనే గరుకు కాగితాన్ని నీళ్లలో ముంచి, ఒక పక్కకే రుద్దుకుంటూ పోయాడు. తర్వాత పాలిష్ ముద్ద. ఆ తర్వాత మా సిరిసిల్ల నూలు. అల్యూమినియానికి ఒక గుణం ఉంది. రుద్దేకొద్దీ తాను తెల్లబడుతూ, రుద్దేవాడి చేతులకు నల్లటి మసి కక్కుతుంది. ఎంత తుడిచినా కక్కుతూనే ఉంటుంది. చాచా చేతులు, లుంగీ, చాయ్ గ్లాసు, చివరికి గోరింటాకు గడ్డం కూడా నల్లగా అయ్యాయి. పోనీ ఒకసారి మెరిపిస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. నాలుగు రోజులు వదిలేస్తే మసకబారుతుంది. మళ్లీ మొదలు.

ఆయన దాన్ని "బేగం" అని పిలిచేవాడు. కొట్టు వెనకే ఇల్లు. మధ్యలో ఓ తెర. ఆ తెర వెనక చాచీ. భారీ మనిషి, నోట్లో ఎప్పుడూ పాన్, మాట చాలా పొదుపు. ఫ్రేమును మాత్రం "నా సవతి" అనేది.

పని పూర్తయిన రోజు ఎండ దాని మీద పడి, ఎదురు బట్టల కొట్టు గోడ మీదికి ఓ వెలుగుముక్క ఎగిరింది. చాచాకు ఇక పట్టపగ్గాల్లేవు. ఫ్రేమును అటూ ఇటూ తిప్పి, ఆ వెలుగును తను కోరిన చోటికల్లా పంపడం నేర్చాడు. వెళ్లే బస్సు డ్రైవరు ముక్కు మీదికి. పడుకున్న మేక కడుపు మీదికి. నేను ఉదయం నా లేడీస్ సైకిలు మీద బడికి పోతుంటే, ముందు నా చీర కుచ్చిళ్ల మీద ఓ వెలుగుచుక్క గంతులేసేది. తర్వాత వినపడేది, "సలాం టీచరమ్మా!"

ఆ చలికాలమే తెలంగాణ ఉద్యమం రాజుకుంది. చౌరస్తాలో దీక్షా శిబిరం వేశారు. టెంటు, మైకు, చెక్కతో కట్టిన వేదిక. మైకు దొరికినవాళ్లంతా మొక్కుకుంటున్నారు. తెలంగాణ వచ్చేదాకా చెప్పులు తొడగనని ఒకాయన, గడ్డం గీయనని ఇంకొకాయన. జిలేబీ అంటే ప్రాణమిచ్చే ఓ పెద్దమనిషి జిలేబీ ముట్టనన్నాడు. ఆయన త్యాగానికే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. అది చూసి చాచాకు కడుపు మండింది. బేగంను అందరికీ చూపిద్దామని భుజాన వేసుకుని వచ్చినవాడు, చొరవగా వేదికెక్కి మైకు లాక్కున్నాడు.

"నేను గూడ మొక్కుతున్న! తెలంగాణ అచ్చేదాక నా బేగంకు చక్రాలు ఎయ్య! అచ్చిన్నాడు చక్రాలేసి, గీ చౌరస్తలనే ఎక్కి, జగిత్యాల దాక ఆగకుంట తొక్కుత!"

శిబిరం ఊగిపోయింది. ఈలలు, డప్పులు. జిలేబీ పెద్దమనిషి ముఖం చిన్నబోయింది. చాచా ఒక్కడే వేదిక మీద చేతులెత్తి, గవర్నరులాగా అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు.

ఎన్నో ఏళ్లుగా రానిది ఇప్పట్లో రాదులే అని ఆయన ధీమా. కొద్దిరోజులకే ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వచ్చింది.

ఊరికి ఊరు రోడ్డు మీదికొచ్చింది. పక్కనే సైకిల్ షాపు పెట్టుకున్న మల్లన్న, చక్రాలు, హ్యాండిలు, సీటు, చైను, పెడళ్లు పట్టుకుని ఉరికొచ్చి నిమిషాల మీద బిగించేశాడు. చాచా మెడలో దండ, బేగం మెడలో దండ. "ఎక్కు చాచా! ఎక్కు!" అని జనం. చాచా హ్యాండిలు పట్టుకుని హుందాగా నడిచాడు.

"కొత్త పెండ్లికూతుర్ని నడిపిచ్చుకుంట తీస్కపోతరు గని, ఎగిరి మీద కూసుంటార్రా?" అన్నాడు.

అందరూ నవ్వారు. సరే, రేపు. మర్నాడు వెళితే శుక్రవారం నమాజు తర్వాత అన్నాడు. శుక్రవారం వెళితే మోకాలు పట్టేసిందన్నాడు. ఆ తర్వాత చైను బిగుసుకుందన్నాడు. మల్లన్న వచ్చి చూసి, చైను వెన్నలాగా తిరుగుతోందని చెబితే, "నీకు తెల్వదు, లోపల బిగుసుకున్నది" అన్నాడు. ఇంతలో ఢిల్లీ మాట మార్చింది.

ఊరంతా భగ్గుమంది. బస్సులు ఆగాయి, టైర్లు కాలాయి. చాచా కొట్టు ముందు గోనెసంచి మీద కూర్చుని, తన చేత్తోనే చక్రాలు విప్పుతున్నాడు. చూసినవాళ్లందరికీ కళ్లల్లో నీళ్లు. జిలేబీ పెద్దమనిషి వచ్చి ఆయన భుజం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన అప్పటికే ఒక జిలేబీ తినేశాడట, ఆ బాధ వేరే.

ఆ సాయంత్రం నేను నూలు సంచి ఇవ్వడానికి వెళితే, చాచా నన్ను కొట్టు లోపలికి పిలిచాడు. తెర వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, అందరు ఏడ్సిర్రు. నేను గూడ ఏడ్సిన. గని చక్రం ఊడి చేతికచ్చినంక లోపల ఊపిరి తిరిగింది. బచాయించిన అనిపిచ్చింది."

"ఎందుకు చాచా?"

"నాకు సైకిల్ తొక్కరాదు."

నేను నవ్వాను. ఆపుకోలేక గోడ పట్టుకుని నవ్వాను. చాచా నవ్వలేదు. సుర్మా కరిగి చెంప మీద నల్లటి గీత దిగింది.

"నవ్వకు బిడ్డా. రోజు నమాజుల తెలంగాణ రావాలె అని దువా చేస్త. మనసార చేస్త. అస్తే నా ఇజ్జత్ పోతది. తెలంగాణ ఆగిందని సంబురపడ్డోన్ని ఏమంటరు? ద్రోహి అంటరు. ఒక్క సైకిల్ కోసం నేను ద్రోహినైన."

ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది. గొప్పలు తప్ప వేరే మాట రాని నోట్లోంచి అది వచ్చేసరికి, సంచి కింద పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"అయితే నేర్చుకో. నేను నేర్పిస్త," అన్నాను.

"గీ ఈడుకా?"

"తెలంగాణ అచ్చేలోపల నేర్చుకుంటె సంబురమే సంబురం. ఇగ భయపడే పని ఉండదు."

చెప్పినంత తేలిక కాలేదు. కోరుట్లలో ఆయన్ని ఎరగని సందు లేదు. బడి మైదానంలో నేర్పుదామంటే వందమంది పిల్లలు, ఇంటింటికీ వార్త. అలా రోజులు గడిచిపోయాయి. చక్రాల్లేని బేగం మాత్రం ప్రతి ఊరేగింపులోనూ చాచా భుజం మీదే ఉండేది. ఫ్రేము త్రికోణంలోంచి తల బయటపెట్టి, దండలాగా వేసుకుని నినాదాలిచ్చేవాడు. రాస్తారోకోలో ఓ పోలీసాయన ఆపి, ఈ ఇనుప సామాను ఏంటని గద్దించాడు.

"ఇనుము గాదు సార్, అల్యూమినియం. జర వంగి చూడుర్రి, మీ మొకం కనవడ్తది. లాఠీ లేపెటప్పుడు ఒక్కసారి గీండ్ల చూస్కోర్రి, మంచిగుంటది."

పోలీసాయన నిజంగానే వంగి చూశాడు. మీసం సవరించుకున్నాడు. టోపీ కూడా సర్దుకుని వెళ్లిపోయాడు.

చివరికి సకల జనుల సమ్మె వచ్చి మమ్మల్ని కాపాడింది. బడులు బంద్, నేనూ సమ్మెలోనే. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. జగిత్యాల రోడ్డు అద్దంలా ఖాళీ. కుక్కలు నడిరోడ్డు మీద వెల్లకిలా నిద్రపోయేవి. రైతులు మక్కజొన్న కంకులు ఒలిచి ఒక పక్కంతా ఆరబోసుకున్నారు. తెల్లవారీ వారకముందే నేను నా లేడీస్ సైకిలు తీసుకుని ఊరి బయటికి వెళ్లేదాన్ని. చాచా లుంగీ ఎగగట్టి, కల్వర్టు గట్టు మీద కూర్చుని ఎదురుచూస్తుండేవాడు.

"ముంగట చూడు చాచా!"

"ముంగట ఏమున్నది?"

"ఏం లేదు!"

"ఏం లేనిదాన్ని ఎట్ల చూడాలె బిడ్డా?"

అలా అంటూనే వెళ్లి మక్కల కుప్పలో పడేవాడు. గడ్డం నిండా మక్క గింజలు. కావలి ఉన్న రైతు మొదట తిట్టాడు గానీ, రెండు మూడు రోజులయ్యాక చాచా రాక కోసం చాయ్ పెట్టి కూర్చున్నాడు. ఊళ్లో చెప్పొద్దని ఆయనచేత ఒట్టు వేయించుకున్నాం. ఒకరోజు చాచా బ్రేకు గట్టిగా నొక్కి, హ్యాండిలు మీదుగా ఎగిరి అవతల పడ్డాడు. అప్పట్నుంచి బ్రేకంటే ఆయనకు పడదు.

"నడిచేదాన్ని ఎందుకు పట్టి ఆపుతవ్? పాపం," అనేవాడు.

అందుకని మాకో పద్ధతి కుదిరింది. ఆయన కల్వర్టు గట్టు ఎక్కి దాని మీంచి సైకిలెక్కుతాడు. నేను కొంత దూరాన రోడ్డు మీద చేతులు బార్లా చాపి నిలబడతాను. ఆయన నేరుగా వచ్చి నా మీద పడతాడు. నేను హ్యాండిలు పట్టి ఆపుతాను. దిగడం కూడా నేర్చుకో చాచా అని ఎంత మొత్తుకున్నా వినలేదు.

"ఎక్కుడే విద్దె బిడ్డా. దిగుడు ఎవలకన్న అస్తది!"

ఒక పొద్దున హఠాత్తుగా ఆయనకు తొక్కడం వచ్చేసింది. మెలికలు తిరక్కుండా, సూటిగా, టోపీ ఎగిరిపోయినా చూసుకోకుండా వచ్చాడు. వస్తూ వస్తూ కేకలు పెడుతున్నాడు. "బిడ్డా, అస్తున్న! నేనే అస్తున్న!" నేను హ్యాండిలు పట్టుకుంటే ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. కాపలా రైతు కంకి ఒకటి గాల్లోకి విసిరాడు.

ఆ తర్వాత ఊళ్లో చాచా అంత గట్టిగా నినాదమిచ్చినవాడు లేడు. ఇన్నాళ్లూ గొంతులో అడ్డుపడిన ముల్లేదో బయటికొచ్చినట్టుంది. "ఇగ రానియ్యి! ఎప్పుడన్న రానియ్యి! రేపే రానియ్యి!" ఎందుకంత తొందరో నాకొక్కదానికే తెలుసు. మోకాళ్లు అరుగుతున్నాయి. గిన్నె ఎత్తి పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. తెలంగాణ ఇంకా ఆలస్యం చేస్తే, వచ్చిన విద్య కూడా ఆయన్ని వదిలిపోయేలా ఉంది. ఆ దిగులు ఆయన నోటితో చెప్పలేదు. నేను మాత్రం ప్రతి వాయిదాకూ ఆయన మోకాళ్ల వైపు చూసేదాన్ని.

వచ్చింది. ఆ ఫిబ్రవరిలో పార్లమెంటులో బిల్లు గట్టెక్కిందన్న కబురు బడిలో ఉండగానే వినపడింది. నేను చౌరస్తాకు చేరేసరికి గులాల్‌తో రోడ్డంతా గులాబీ రంగు. అక్కణ్నుంచి కొట్టుకు పోతే, చాచా స్నానం చేసి, పెళ్లినాటి షేర్వానీ తొడుక్కుని ఉన్నాడు. గుండీలు పట్టలేదు, వదిలేశాడు. మల్లన్న చక్రాలు బిగించాడు, వెనక ఓ క్యారియరు కూడా. అది చాచీ కోసమట. చాచీ ఆ రోజు తెర దాటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. పాన్ నములుతూ మొగుడిని, సవతిని ఎగాదిగా చూసింది. "సంభాల్‌కే, జాగ్రత్త," అంది. అంతే.

చాచా బేగంను చౌరస్తాకు నడిపించుకొచ్చి, వేదిక అంచు నుంచి ఎక్కాడు. డప్పులు ఆగిపోయాయి. ఒక్క తొక్కు. ఇంకో తొక్కు. బేగం కదిలింది. "హటో! హటో!" జనం చీలి దారిచ్చారు. మెరిసే ఆ ఫ్రేము మీద జనమంతా, జెండాలన్నీ, గులాబీ రంగంతా జారుకుంటూ పోయాయి. చాచా ముంగటనే చూస్తున్నాడు. నా పక్కనుంచి వెళుతూ, "బిడ్డా, చూస్తున్నవా!" అని అరిచాడు.

చూస్తూనే ఉన్నాను. ఆయన చేతులు బ్రేకుకు బెత్తెడు దూరంలో ఉన్నాయి. ముందు చేతులు చాపి నిలబడ్డ మనిషి లేడు. చాచా చౌరస్తా దాటాడు. పెట్రోలు బంకు దాటాడు. జగిత్యాల రోడ్డు పట్టాడు.

"అబ్బా, నిజంగనే పోతుండు!" అన్నారు జనం. "చాచా మాటంటే మాట!"

నేను కొంగు బిగించి నా సైకిలు ఎక్కి వెంటబడ్డాను. మక్కల కల్వర్టు దాటాక గానీ అందలేదు.

"చాచా, బ్రేకు!"

"బ్రేకు అద్దు!"

"మరి ఎందాక పోతవ్?"

"జగిత్యాల అన్న కదా!"

"మోకాళ్లో?"

"ఏడ్వనియ్!"

ఎదురొచ్చే లారీలవాళ్లు షేర్వానీ చూసి హారన్లు కొడుతున్నారు. చాచా ఒక చెయ్యి వదిలి సలాం చేయబోయి, పడబోయి, మళ్లీ సర్దుకున్నాడు. ఇద్దరం కలిసి తెలంగాణ అని ఒకటే అరుపు. కొంత దూరం పోయాక ఆయన ఊపిరి ఈలలాగా వినిపించడం మొదలుపెట్టింది. కాళ్లు బరువెక్కాయి.

"బిడ్డా," అన్నాడు చిన్నగా, "ఇగ దింపు."

నేను బలం కొద్దీ తొక్కి ముందుకుపోయి, నా సైకిలు పక్కకు పడేసి, రోడ్డు మధ్యలో చేతులు బార్లా చాపి నిలబడ్డాను. వచ్చాడు. హ్యాండిలు పట్టుకున్నాను గానీ ఆపలేకపోయాను. బేగం, చాచా, నేను ముగ్గురం కలిసి రోడ్డు పక్కన ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కొమ్ముల మీదికి దొర్లాం. తడి ఆరని కొమ్ములు. షేర్వానీ, చీర, చేతులు, అన్నీ పసుపు. పసుపు కాస్తున్న అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. మా ముఖాల మీది గులాల్ చూసి ఆగింది.

"అచ్చిందా?"

"అచ్చిందవ్వా."

కర్ర కింద పడేసి ఆమె అక్కడే కూర్చుండిపోయింది. చాచా వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ నవ్వుతున్నాడు. నవ్వుతూ నవ్వుతూనే నా వైపు తిరిగాడు.

"బిడ్డా, గప్పుడు చక్రాలు ఇప్పెటప్పుడు సంబురపడ్డ కదా. గది ఇయ్యాల మాఫీ అయిందా?"

"అయింది చాచా. ఎప్పుడో అయింది."

పసుపు చేతులతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ పసుపు, ఆ సుర్మా, ఆ గులాల్ కలిసి ఆ ముఖం ఎలా ఉందో చెప్పలేను. బేగంను దగ్గరికి లాక్కుని, అందులో చూసుకుని గడ్డం దువ్వుకున్నాడు.

ఓ ట్రాక్టరు ఎక్కి చీకటిపడే వేళకు ఊరు చేరాం. జగిత్యాల దాకా పోయి ట్రాక్టరులో తిరిగొచ్చామనే అందరూ అనుకున్నారు. "చాచా, నిజంగ ఆగకుంట తొక్కినవా?" అని మల్లన్న అడిగాడు. చాచా నా వైపు ఓరగా చూసి, "ఆగలే," అన్నాడు. అందులో అబద్ధం ఎక్కడుంది?

కథ ఊళ్లో పెరుగుతూ పోయింది. జగిత్యాల కాస్తా ధర్మపురి అయింది. పోయిన వానాకాలం ఆయన పోయినప్పుడు, పలకరింపుకొచ్చిన వాళ్లలో ఒకాయన, చాచా గోదాట్లో కాళ్లు కడుక్కుని వచ్చాడని నాకే చెప్పాడు. నేను తలూపాను. చాచా అక్కడుంటే గోదావరి అవతలి ఒడ్డు కూడా కలిపేవాడు.

మొన్న బస్సు దిగి, నూలు సంచితో నేరుగా ఆ ఇంటికే వెళ్లాను. వీధి మలుపు తిరిగానో లేదో నా చీర కుచ్చిళ్ల మీద ఓ వెలుగుచుక్క ఎగిరింది. చూస్తే వాకిట్లో చాచీ. ముక్కాలిపీట మీద కూర్చుని బేగంను తోముతోంది. రెండు చేతులూ మోచేతుల దాకా నలుపు.

"నూలు తెచ్చినవా? మంచి పని చేసినవ్. దీని పాడుగాను, నా కొంగులన్ని నాశనమైనయి. నా సవతి మసకబడ్డదంటె, ఆయన ఖబరుల నుంచి లేచస్తడు."

ఆమె నోటి నుంచి అన్ని మాటలు ఒక్కసారి నేనెన్నడూ వినలేదు. పక్కన కూర్చుని నేనూ ఓ నూలు ఉండ తీసుకున్నాను. ఇద్దరం రుద్దుతున్నాం. ఊరుకోలేక అన్నాను, "ఆ రోజు చాచా జగిత్యాల రోడ్డు మీద పోతుంటే చూడాలె చాచీ..."

"ఏం చూడాలె? గప్పటిదాక ఆయనకు సైకిల్ యాడ అస్తుండె!"

నా చెయ్యి ఆగిపోయింది.

"నీకు తెలుసా?"

"తెల్వకేం? పెండ్లికి మా అబ్బ సైకిల్ పెట్టిండు. నన్ను క్యారియర్ మీద కూసుండవెట్టుకోని, జగిత్యాల నుంచి కోరుట్ల దాక నడిపిచ్చుకుంటనే తీస్కచ్చిండు. పొద్దుగాల బయలెల్లితె పొద్దుమీకినంక చేరినం. రోడ్డు బాగలేదు, తొక్కితె నీ నడుము నొస్తది అన్నడు." పాన్ ఓ బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి నవ్వింది. "కొత్త తారు రోడ్డు బిడ్డా. నున్నగుండె."

"మరి ఇన్నేండ్లు అడగలేదా?"

"ఎందుకడుగుత? తొక్కుడు అస్తే ముంగట చూస్కుంట పోతుండె. రాకనే కదా నా పక్క పొంటి ముచ్చట పెట్టుకుంట నడిచిండు. గన్ని ముచ్చట్లు ఆయన మళ్లెన్నడు చెప్పలే."

ఫ్రేము పూర్తిగా తెల్లబడేదాకా ఇద్దరం రుద్దాం. తర్వాత చాచీ మోకాళ్ల మీద చేతులూని లేచింది. చేతులు చీరకే తుడుచుకుంది. సైకిలును గోడ నుంచి తప్పించమని నాకు సైగ చేసి, నిదానంగా, ఆపసోపాలు పడుతూ క్యారియరు మీద ఒక పక్కకు కూర్చుంది. టైర్లు నలిగాయి గానీ నిలిచాయి.

నేను కొంగు దోపుకుని పెడలు మీద కాలేశాను. వెనక నుంచి నల్లటి చెయ్యి వచ్చి నా భుజం పట్టుకుంది.

"అద్దు బిడ్డా. తొక్కకు. నడిపియ్యి."